ఖాళీ ఇంట్లో హాజరు పిలుపు

జిపార్‌ని పోయిన వారం నల్లబల్ల ముందు నిలబెట్టి వదిలేశాం. ఆ పిల్ల అక్కడిదాకా ఎలా వచ్చిందో, ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

కొక్-బెల్ ఒకప్పటి గనుల ఊరు. గని పోయింది, దానితో సగం ఊరూ పోయింది. మిగిలిన సగానికి కాస్త ఆసరాగా ఉన్న బాలసదనాన్ని మొన్న ఆకులు రాలే కాలంలో మూసేశారు. పిల్లలు కుటుంబాల్లో పెరగాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మంచి ఆజ్ఞే. చిన్నవాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళు దొరికాయి. పదహారు, పదిహేడు దాటినవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు. రేపో మాపో పెళ్ళీడుకొచ్చే పిల్లని కొత్తగా కూతురని ఎవరు తెచ్చుకుంటారు? సదనంలో రసాయనశాస్త్రం చెప్పే రైహాన్, ఎవరూ అడగని ఇద్దరు ఆడపిల్లల్ని, జిపార్‌నీ బెగాయిమ్‌నీ, తన ఇంటికి తీసుకుపోయింది. ఆవిడ మొగుడు రష్యాలో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది చెవుడొచ్చిన అత్తగారు. ఆవిడ పెట్టే టీవీ చప్పుడు వీధి చివరికి వినబడుతుంది.

జిపార్‌కి వైద్యం చదవాలని పట్టుదల. ప్రవేశ పరీక్ష ఎండాకాలం మొదట్లో. ఆ టీవీ మోతలో పుస్తకం తలకెక్కక, మధ్యాహ్నం పూట మూసేసిన సదనంలోకి వంటింటి కిటికీ గుండా దూరి తన పాత తరగతిలో కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టింది. తెలియని లెక్క నల్లబల్ల మీద రాసి వదిలేసి వస్తే, మర్నాటికి దాని కింద జవాబు ఉండేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చివరికి ధైర్యం చేసి లెక్క బదులు ‘నువ్వెవరు?’ అని రాసింది. మర్నాడు దాని కింద ఒకే ఒక పేరు ఉంది.

ఎర్మెక్.

కొక్-బెల్ సదనంలో పెరిగిన ఏ పిల్లకైనా ఆ పేరు తెలుసు. కింది వసారాలో నడిమధ్య అతని ఫోటో వేలాడేది. కొత్త సూటు వేసుకుని, చిరునవ్వుతో. ఈ సదనం నుంచి రాజధాని బిష్కెక్‌లోని వైద్య కళాశాలకి వెళ్ళిన మొదటి కుర్రవాడు. ప్రతి ఏడూ బడి తెరిచే రోజున డైరెక్టరమ్మ పిల్లలందర్నీ ఆ ఫోటో ముందు నిలబెట్టేది. ఎర్మెక్ ఇప్పుడు పెద్ద డాక్టరు, తెల్లకోటు వేసుకుని మనుషుల గుండెలు బాగుచేస్తున్నాడు, మీరూ అలా కావాలి అనేది. వైద్యం చదవాలన్న కోరిక జిపార్‌లో పుట్టింది ఆ ఫోటో ముందే.

అటువంటి ఎర్మెక్, కరెంటు లేని, మూసేసిన ఇంట్లో, నల్లబల్ల మీద సుద్దతో ఎందుకు రాస్తాడు?

ఆ రాత్రి జిపార్‌కి నిద్ర పట్టలేదు. తెల్లారాక బెగాయిమ్‌కి చెబితే, ఆ పిల్ల రొట్టె మీద వెన్న రాసుకుంటూ తేలిగ్గా కొట్టిపారేసింది.

“దెయ్యమైతే మరీ మంచిది కదే. నాకూ రెండు లెక్కలున్నాయి, పట్టుకెళ్ళు. జీతం అడగని మాస్టారు ఎక్కడ దొరుకుతాడు?”

రైహాన్‌కి చెప్పమని కూడా అంది. జిపార్ చెప్పలేదు. చెబితే కిటికీకి మేకులు కొట్టించేస్తుందని భయం. ఇంకో భయం కూడా ఉంది, అది తనకే సరిగ్గా అర్థం కాలేదు. ఎర్మెక్ పేరు ఎవరెత్తినా రైహాన్ మొహం తిప్పుకోవడం ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ చూస్తోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరింది. కొండల మీది పొగమంచు ఊళ్ళోకి దిగి, పొయ్యిల్లోంచి వచ్చే బొగ్గుపొగతో కలిసిపోయింది. పట్టపగలే వీధి దీపాల స్తంభాలు కనబడడం లేదు. నేల మీది మంచులో తన పాత అడుగుజాడలే దారి చూపించాయి. సదనం గేటు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆ ఇంటికి వెళ్ళేవి, వచ్చేవి, అన్నీ తన జాడలే. ఇంకెవరివీ లేవు. లోపల ఉన్నవాడు ఎవడైనా గాని, వాడు బయటికి రావడం లేదు.

కిటికీ ఎక్కి వంటింట్లోకి దిగింది. లోపల బయటికంటే చల్లగా ఉంది. గోడ పక్కనున్న పెద్ద పొయ్యి మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. ఇనుము వెచ్చగా ఉంది.

భోజనాల గదిలో పొడుగు బల్లలు అలాగే ఉన్నాయి. సదనం మూసేటప్పుడు గిన్నెలన్నీ పెట్టెల్లో కట్టి పంపేశారని ఆ పిల్లకి బాగా గుర్తు, తనే సాయం పట్టింది. ఇప్పుడు బల్లల నిండా వరసగా ఏవో పెట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే చేపల డబ్బా మూతలు, పగిలిన దీపం బుడ్డి చిప్పలు, అట్టముక్కలు. పిల్లలు కూర్చునే ప్రతి చోటా ఒకటి. ప్రతి దాని పక్కనా చెంచా బదులు ఒక పుల్ల.

వెనక్కి తిరిగి పోదామనుకుంది. కాళ్ళు మాత్రం వసారాలోకి నడిచాయి. ఎర్మెక్ ఫోటో ఉన్నచోటే ఉంది. దాన్ని ఎవరో గోడవైపు తిప్పి పెట్టారు.

అప్పుడే పైనుంచి గొంతు వినబడింది.

“తిలెక్.”

మగ గొంతు. గట్టిగా లేదు, మెల్లగానూ లేదు. తర్వాత కాసేపు నిశ్శబ్దం, ఎవరైనా పలకడానికి పట్టేంత సేపు.

“గుల్‌సానా.”

మళ్ళీ నిశ్శబ్దం.

“ఉలాన్.”

హాజరు పిలుస్తున్నారు. సదనంలో రోజూ చీకటి పడే ముందు ఆయా మంచాల మధ్య నిలబడి పిలిచినట్టే, అదే వరసలో, పేరు పేరుకీ అంతే సేపు ఆగుతూ. తిలెక్ ఇప్పుడు నారిన్‌లో ఒక గొర్రెలకాపరి ఇంట్లో ఉన్నాడు. గుల్‌సానాని ఎవరో ముసలి దంపతులు తీసుకున్నారు. ఆ పేర్లు ఖాళీ గదిలోకి వెళ్ళి, బదులు లేక ఆగిపోతున్నాయి. జిపార్ మెట్ల కమ్మీ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. వరసలో తర్వాత ఎవరి పేరు వస్తుందో ఆ పిల్లకి తెలుసు. రాకూడదని కోరుకుంది.

“జిపార్.”

పన్నెండేళ్ళ అలవాటు మనసు మాట వింటుందా? ఆ పిల్ల వద్దనుకుంటూనే, నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఉన్నాను.”

పైన గొంతు ఆగిపోయింది. తర్వాత అడుగుల చప్పుడు.

మెట్ల మీది కిటికీలోంచి పడే తెల్లటి వెలుతురులోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గొర్రెలకాపరులు వేసుకునే పాత ఉన్ని తోలు కప్పుకున్నాడు, దానికి తాడుతో నడికట్టు. బుగ్గలు లోపలికి పోయాయి. వయసు చెప్పడం కష్టం. గడ్డం మాత్రం నున్నగా గీసి ఉంది, సదనం కుర్రాళ్ళు తీసినట్టే జుట్టుకి పక్క పాపిడి. ఫోటోలో చిరునవ్వు పోగా మిగిలిన మొహం అదేననిపించింది జిపార్‌కి. అతని నోటి వంకే చూసింది, ఊపిరి ఆవిరై కనబడుతుందా లేదా అని. కనబడింది. ప్రాణం లేచి వచ్చింది.

“చేతులు కడుక్కున్నావా, చెల్లీ?” అన్నాడు.

అది కూడా ఆయా మాటే. భయంలోనూ జిపార్‌కి నవ్వొచ్చింది. కడుక్కోలేదంది. అయితే ముందు ఆ పని చూడమని అతను వంటింటి వైపు చూపించాడు.

వంటింట్లో పొయ్యి తలుపు తీసి ఒక పుస్తకం లోపల పడేశాడు. జిపార్ అభ్యంతరం చెప్పబోతుంటే ముందే సమాధానం ఇచ్చాడు. చదివేసినవే తగలబెడతానని, చదవనివి పక్కన పేర్చి ఉంచానని. డబ్బాలో మరిగిన మంచునీళ్ళు, రెండు కురుత్ ఉండలు ఆ పిల్ల ముందు పెట్టాడు. రాయిలా గట్టిపడిన ఆ పెరుగు ఉండ బుగ్గన పెట్టుకుంటే ఉప్పుకి నోరూరింది, కాస్త ధైర్యమూ వచ్చింది. లెక్కలన్నీ నువ్వే చేశావా అని అడిగింది. చేశానన్నాడు. ఆమ్లాల లెక్కలో తను ఎక్కడ తప్పుతోందో కూడా చెప్పాడు, పక్క బల్ల మీద కూర్చున్న తోటి విద్యార్థి చెప్పినంత మామూలుగా.

“నువ్వు డాక్టరువి కదా? బిష్కెక్‌లో ఉండాలి కదా?” అంది జిపార్.

“అలాగని ఇంకా చెబుతున్నారా?”

“ఏటా చెప్పేవాళ్ళు.”

అతను పొయ్యిలో మంట ఎగదోశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఏ మాటా గట్టిగా అనలేదు. ఎవరి మీదా కోపం చూపించలేదు. అందుకే కాబోలు వింటుంటే ఎక్కువ బాధనిపించింది.

ఫోటోలో ఉన్న సూటు డైరెక్టరమ్మ కొడుకుదట. ఫోటో తీయడం అవగానే విప్పించుకున్నారట. ఒక సంచి, దుప్పటి, సబ్బు ఇచ్చి బస్సెక్కించారు. బిష్కెక్‌లో దిగాక గాని తెలియలేదు, తనకి ఏమీ రాదని. రసాయనశాస్త్రం వచ్చు. రొట్టె ఎక్కడ కొంటారో, కొన్నది ఎన్నాళ్ళకి సరిపెట్టుకోవాలో రాదు. సదనంలో రొట్టె ఎప్పుడూ కోసి పళ్ళెంలో పెట్టి ఉండేది. జబ్బు చేస్తే ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని తెలియదు. సదనంలో ఆయా నుదురు పట్టుకుని తనే చెప్పేది. పుట్టినప్పటి నుంచీ గంట కొడితే లేచినవాడు. హాస్టల్లో గంట లేదు. మొదటి పెద్ద పరీక్ష నాడు నిద్ర లేచేసరికి మధ్యాహ్నమైంది.

“తెలివితక్కువవాడు అనుకున్నారు. కాదు చెల్లీ. గంట కోసం చూస్తూ పడుకున్నాను, అంతే.”

అదైనా ఓర్చుకునేవాడే. కొత్త సంవత్సరం సెలవులొచ్చాయి. అందరూ సంచులు సర్దుకుని ఇళ్ళకి పోయారు. హాస్టల్ కాపలావాడు తాళాల గుత్తితో వచ్చి, నీ ఇల్లెక్కడరా అని అడిగాడు. చెప్పడానికి ఏమీ దొరకలేదు.

“బస్టాండులో పడుకున్నాం. పోలీసులు లేపేవాళ్ళు. లేచి అటు వెళ్ళి, మళ్ళీ ఇటు వచ్చి పడుకునేవాళ్ళం.”

“పడుకునేవాళ్ళమా? నీతో ఇంకెవరున్నారు?”

అతను తల ఊపాడు. అది అవునో కాదో తెలియలేదు. “పడుకునేవాణ్ణి,” అని సర్దుకున్నాడు. “చలికి మాట తడబడుతుంది.”

ఆ తర్వాత సదనానికే తిరిగొచ్చాడట. డైరెక్టరమ్మ ఒక్కతే గేటు దాకా వచ్చి మాట్లాడిందట గాని గేటు తియ్యలేదు. పద్దెనిమిది నిండినవాణ్ణి లోపలికి రానిస్తే తన ఉద్యోగం పోతుందంది. అప్పటి నుంచీ ఎండాకాలాలు కొండల మీద గొర్రెల వెంట, చలికాలాలు పాడుబడ్డ గని గుడిసెల్లో. సదనం మూతపడ్డ రోజున దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక ఇదే వంటింటి కిటికీ గుండా లోపలికొచ్చాడు.

“ఇంక ఇక్కడ పొమ్మనేవాళ్ళు లేరు,” అన్నాడు.

 పన్నెండేళ్ళుగా జిపార్ ఎవరిలా కావాలని కలగందో ఆ మనిషి ఎదురుగా కూర్చుని పొయ్యిలో పుస్తకం కుదురుస్తున్నాడు. తనూ ఎండాకాలం పోయాక అదే బస్సెక్కాలి, అదే నగరంలో దిగాలి. కురుత్ ఉండ బుగ్గలోనే ఉండిపోయింది.

“రా, ఒకటి చూపిస్తా,” అని లేచాడతను.

వెనకే పైకి వెళ్ళింది. ఆడపిల్లల పడకగది తలుపు తీశాడు. సదనం మూసేటప్పుడు పరుపులన్నీ ఎత్తుకుపోయారు, ఉత్త ఇనప స్ప్రింగులు మిగిలాయి. ఇప్పుడు ఒక్క మంచం కూడా ఉత్తగా లేదు. చిరిగిన కర్టెన్లు, గోనెసంచులు, పాత మ్యాపులు, ఏది దొరికితే అది పరిచి, ముడత లేకుండా లాగి, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అన్ని మంచాలూ పక్కలు వేసి ఉన్నాయి. ప్రతి మంచం మీదా గడ్డి కూరిన సంచి ఒకటి, దిండులా, మూల పైకి వచ్చేట్టు నిలబెట్టి. సదనంలో పొద్దున్నే దిండు అలా నిలబెట్టకపోతే టిఫిను పెట్టేవాళ్ళు కాదు.

“ఇది నీది. కిటికీ పక్కది. దీని పక్కది బెగాయిమ్‌ది,” అన్నాడు. “ఆ పిల్ల వెలుతురుంటే నిద్రపోదని తలుపు వైపు తిప్పాను.”

అది నిజమే. బెగాయిమ్ వెలుతురుంటే నిద్రపోదు. ఈ సంగతి ఇతనికెలా తెలుసు? ఎన్నాళ్ళుగా, ఎక్కడి నుంచి చూస్తున్నాడు?

“వాళ్ళెవరూ రారు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు,” అంది జిపార్. 

“వస్తారు. బయట ఎవరూ నిలవరు చెల్లీ. ఒక్కొక్కళ్ళే వస్తారు. నువ్వు ముందు వచ్చావు.” ఆ మాట అంటూ ఎంతో ఆప్యాయంగా చూశాడు. “నువ్వు బిష్కెక్ వెళ్ళొద్దు. చదువే కదా కావాలి? నేను చెబుతాను. నాకు తెలిసిందంతా చెబుతాను. పొద్దున గంట కొడతాను. ఇక్కడ నిన్ను ఎవరూ ఇల్లెక్కడని అడగరు.”

బెదిరించలేదు, తలుపుకి అడ్డంగానూ లేడు. పరిగెత్తాలంటే పరిగెత్తవచ్చు. జిపార్‌ని భయపెట్టింది అతను కాదు. కిటికీ పక్కనున్న ఆ మంచం చూస్తే ఒక్క క్షణం పడుకోవాలనిపించింది. అదీ భయం.

మంచం ఇనప కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. “నాకు రైహాన్ అక్క ఉంది,” అంది.

“నాకూ ఉండేది. నాకూ ఆవిడే చెప్పింది రసాయనశాస్త్రం. బిష్కెక్ వచ్చి చూస్తానంది.”

“రాలేదా?”

“వచ్చింది.” అతని మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. “నా పక్కనుంచే వెళ్ళింది. నన్ను చూడలేదు.”

 జిపార్ మళ్ళీ అతని నోటి వంక చూసింది. ఆవిరి వస్తూనే ఉంది. నాకు వేరేగా చెప్పింది అక్క అని, తను కూడా ఊహించనంత మొండిగా మొదలుపెట్టింది. పోయిన నెలంతా రైహాన్ తనని ఎంత సతాయించిందో చెప్పింది. అలారం తనే పెట్టుకుని తనే లేవాలందట. ఒకరోజు లేవకపోతే లేపలేదు, నారిన్ బస్సు పోయింది, తిట్టనూ లేదు. పన్ను నొప్పికి ఆస్పత్రికి ఒక్కదాన్నే పంపి, డాక్టరుతో ఏం మాట్లాడిందో వచ్చాక అంతా అడిగింది. వారానికి సరిపడా వంట సరుకులు తెమ్మని బజారుకి పంపింది. మొదటివారం గురువారానికే రొట్టె అయిపోతే అందరూ బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నారు, ముసలమ్మతో సహా. చదువయ్యేదాకా ఈ పిల్లకిచ్చే సర్కారు సాయం ఆపడానికి వీల్లేదని విద్యాశాఖ ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండా కూర్చుంది. ఇంతకంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది.

“సెలవుల్లో హాస్టల్‌కి తాళం వేస్తారట, అప్పుడు బస్సెక్కి ఇంటికి వచ్చెయ్యమంది. నా మంచం ఎవరికీ ఇవ్వనంది. నాకు ముప్ఫై ఏళ్ళొచ్చినా సరేనంది.”

అతను ఆ మాట విని ఆ పిల్ల వైపు తిరిగాడు.

“మంచం ఉంచుతానందా?”

“అంది.”

“కాలేజీకి వెళ్ళాక కూడానా?”

“అప్పుడు కూడా.”

“చదువు రాక, తిరిగొచ్చేసినా?”

జిపార్ ఆ ప్రశ్న రైహాన్‌ని అడగలేదు. అయినా జవాబు తెలుసు. “అప్పుడు మరీను,” అంది.

అతను వెళ్ళి బెగాయిమ్ మంచం అంచున కూర్చున్నాడు. నిలబెట్టిన దిండు పడిపోయింది. నిలబెట్టలేదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడో లేదో వినబడలేదు. భుజాల మీది తోలు మాత్రం కదులుతోంది. జిపార్ భయం ఎప్పుడు పోయిందో ఆ పిల్లకే తెలియదు. పక్కన కూర్చుని, మా ఇంటికి రా అంది. ఇవాళ బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయిస్తున్నారు, ముసలమ్మ టీవీ భరించగలిగితే చాలు, అక్క ఏమీ అనదు, అక్కకి నువ్వంటే ఇష్టం అంది. అతను తల ఎత్తకుండానే అన్నాడు:

“గేటు దాకా వస్తాను. దాటగలనో లేదో తెలియదు.”

ఇద్దరూ మెట్లు దిగారు. వసారాలో ఫోటో పక్కకి వచ్చేసరికి, వంటింటి వైపు నుంచి ఎవరో దబ్బున దూకిన చప్పుడైంది. బెగాయిమ్ కడుపులో మాట దాగదు, చెప్పేసినట్టుంది. చలికోటు నిండా మంచుతో, రొప్పుతూ, రైహాన్ వచ్చి వసారా మొదట్లో నిలబడింది.

“జిపార్, ఇలా రా. నా వెనక్కి రా,” అంది. ఇంకా ఆ రెండో మనిషి మొహం ఆవిడకి కనబడలేదు.

“భయం లేదక్కా. ఇతను ఎర్మెక్.”

ఉన్ని తోలు కప్పుకున్న మనిషి, తరగతిలోకి టీచరు వచ్చినప్పుడు నిలబడ్డట్టు, చేతులు పక్కన పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. “సలాం, రైహాన్ అక్కా,” అన్నాడు.

రైహాన్ దగ్గరికి రాలేదు. వెనక్కీ పోలేదు. మెడ చుట్టూ ఉన్న శాలువా మెల్లగా విప్పింది, ఊపిరాడనట్టు.

“ఎవరైనా గాని, ఆ పేరు పెట్టుకోవద్దు నాయనా,” అంది. “ఎర్మెక్ లేడు. బిష్కెక్‌లో మొదటి చలికాలంలోనే పోయాడు. ఆస్పత్రి శవాల గదికి నన్నే పిలిచారు. వాడేనని చెప్పింది నేనే.”

జిపార్ గోడకి తిప్పిన ఫోటో వైపు చూసింది. ఏటా ఫోటో ముందు నిలబడ్డ పిల్లలు, తెల్లకోటు, బాగుపడ్డ గుండెలు. ఆ వరసలో వెనక ఎప్పుడూ రైహాన్ కూడా నిలబడేది.

“నీకు తెలుసా అక్కా? తెలిసీ ఆ కథ విన్నావా మాతో పాటు?”

“డైరెక్టరమ్మ చెప్పింది, నేను ఊరుకున్నాను. చచ్చిపోయాడంటే మీలో ఒక్కరైనా పుస్తకం ముడతారా అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.” రైహాన్ శాలువాని గుప్పిట్లో నలిపింది. “అందుకే కదే నిన్ను వట్టి సంచి ఇచ్చి బస్సెక్కించనన్నది. అందుకే నీ ప్రాణం తీస్తున్నాను పొద్దస్తమానం.”

 జిపార్ పక్కనున్న మనిషి ముందుకి కదిలాడు. గోడవైపు తిప్పిన ఫోటోని తీసి, వెలుతురు పడేట్టు రైహాన్‌కి ఎదురుగా, తన మొహం పక్కన పట్టుకున్నాడు. ఆవిడ ఒకసారి ఫోటో వైపు, ఒకసారి మనిషి వైపు చూసింది. 

“ఆ గదిలోకి నువ్వు వచ్చినప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను అక్కా,” అన్నాడతను, ఓదారుస్తున్నట్టు. “నువ్వు ఏడుస్తున్నావు. శవం మొహం మీద గుడ్డ నువ్వే తీయనివ్వలేదు. కోటు చూసి చెప్పావు.”

రైహాన్ దగ్గరికి వచ్చి ఆ ఫోటో అందుకుంది.

“అవును. కోటు నీదే,” అంది. “మరి నీ కోటు వేసుకుని అక్కడ పడుకుని ఉన్నదెవర్రా?”